స్క్రీన్ రంగు మారితే ‘లిమిట్‌లోనే ఉంది’ అంటున్నారు, ఆ లిమిట్ ఎంతో చెప్పరేం?

ఎడిటర్ గారికి నమస్కారం,

మార్కెట్లోకి కొత్త ట్యాబ్ వచ్చిన ప్రతిసారీ మీ పత్రికలో దాని గురించి రాస్తారు. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, కెమెరా ఎలా ఉంది, అన్నీ ఉంటాయి, నేనూ అవి చదివే కొనుక్కుంటాను. కానీ కొన్నాళ్లు వాడాక అదే స్క్రీన్ ఒక మూల పసుపుకి తిరిగితే, అంచు పొడవునా గులాబీ చార పడితే, నడిమధ్యలో తెల్లటి మచ్చ తేలితే ఏం చేయాలో, ఎవరిని అడగాలో, అడిగితే వాళ్లు ఏం జవాబు చెప్పాలో ఎక్కడా కనిపించదు. ఈ ఉత్తరం దాని గురించే. కాస్త పొడుగ్గా ఉంటుంది, చోటు లేకపోతే కుదించండి గానీ లిమిట్ గురించి అడిగిన భాగం మాత్రం దయచేసి తీసేయకండి.

నేను ఫోటోలు దిద్దే పని చేస్తాను. ముఖాల రంగు సరిచేయడం, వెలుగు పెంచడం తగ్గించడం, అంతా ట్యాబ్ మీద పెన్నుతోనే. ఒకరోజు ఒక ఫోటోని పెద్దది చేసి పక్కకి జరుపుతుంటే మధ్యలో బాగానే ఉన్న ముఖం ఎడమవైపు కింది మూలకి వెళ్లేసరికి పసుపు తిరిగింది, వెనక్కి లాగితే మళ్లీ మామూలుగా ఉంది. అనుమానం వచ్చి, మొత్తం ఒకే బూడిద రంగులో ఉన్న బొమ్మ ఒకటి స్క్రీన్ నిండా తెరిచాను. ఆ మూల అరచేతిలో సగం మేర రంగు మారిపోయి ఉంది. దానికి గీత గీసినట్టు అంచు లేదు, మెల్లమెల్లగా పక్క రంగులో కలిసిపోతోంది. ఈ రకం లోపంతో వచ్చే ఇబ్బందంతా ఇక్కడే ఉంది, పగుళ్లయితే ఎవరికైనా కనిపిస్తాయి, ఇది చూపించబోతే మాత్రం ఎదుటివాళ్లు తల అటూ ఇటూ తిప్పి ‘ఏదీ, ఎక్కడ?’ అంటారు.

సర్వీస్ సెంటర్‌లోనూ అదే జరిగింది. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, అతని మీద నాకు కోపం లేదు. ట్యాబ్ తీసుకుని బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచాడు, ముదురు నీలం వాల్‌పేపర్ ఉన్న హోమ్ స్క్రీన్ మీద వేలితో అటూ ఇటూ గీశాడు, ఏదో టెస్ట్ నడిపాడు, టచ్ అన్ని గళ్లలోనూ ఆకుపచ్చ టిక్ చూపించింది. ‘అంతా ఓకే సర్’ అన్నాడు. నీలం మీద పసుపు మచ్చ ఎలా కనిపిస్తుంది, తెల్ల పేజీ తెరిచి బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి అన్నాను. చూశాడు, కనిపించిందని మాటతో ఒప్పుకున్నాడు కూడా, లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు. చేతిలో పెట్టిన కాగితం మీద మాత్రం ‘డిస్‌ప్లే పరిమితుల్లోనే ఉంది, మార్చనవసరం లేదు’ అని ఉంది. ఆ పరిమితి ఎంత, నా స్క్రీన్ దానికి ఎంత లోపల ఉంది, దేనితో కొలిచారు అని అడిగితే జవాబు లేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత ఉంది కదా, లోపం నా కళ్లలోనే ఉందన్నట్టు నన్ను పంపించేశారు.

కొలవకుండా ‘పరిమితిలో ఉంది’ అని ఎలా అంటారు? నేను అడుగుతున్నది ఈ ఒక్క మాటే.

ఇలాంటి వాటికి లెక్కలు పెట్టడం కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి. చచ్చిపోయిన పిక్సెళ్ల విషయంలో ఒకప్పుడు ఇదే గొడవ ఉండేది. స్క్రీన్ మీద ఒక చుక్క ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, ఇంకో చుక్క ఎప్పుడూ నల్లగా ఉంటుంది, మార్చమంటే కంపెనీ ఒకటి రెండు మామూలే అనేది. 2001లో ఐఎస్ఓ 13406-2 అనే ప్రమాణం వచ్చింది. అందులో స్క్రీన్లని తరగతులుగా విడగొట్టి ఏ తరగతిలో ఎన్ని చెడ్డ పిక్సెళ్లు ఉండొచ్చో అంకెల్లో రాశారు. రెండో తరగతి స్క్రీన్‌లో పది లక్షల పిక్సెళ్లకి ఎప్పుడూ వెలిగే చుక్కలు 2, ఎప్పుడూ ఆరిపోయి ఉండేవి 2, ఎరుపు ఆకుపచ్చ నీలం భాగాల్లో ఏదో ఒకటి చెడినవి 5, అంతకు మించితే ఆ తరగతికి పనికిరాదు. తర్వాత దాని చోట ఐఎస్ఓ 9241 వరుసలోని ప్రమాణాలు వచ్చాయి. ఆ అంకెలు కొనేవాళ్లకి ఎంతవరకు మేలు చేశాయన్నది వేరే చర్చ, నాకైతే ఇంకా గట్టిగా ఉండాల్సింది అనిపిస్తుంది. కానీ కనీసం కూర్చుని లెక్కపెట్టుకోవడానికి ఒక అంకె అంటూ ఉంది. మచ్చ విషయంలో నా చేతికి ఇచ్చిన కాగితంలో అది కూడా లేదు.

రంగు తేడాని కొలవడం కూడా కొత్త విద్యేమీ కాదు. స్క్రీన్ మీద ఆనించి రంగు చదివే చిన్న పరికరాలున్నాయి, మాలాంటి పని చేసేవాళ్లు మానిటర్లు సరిచేసుకోవడానికి అవే వాడతారు. తెలుపు ఎలాంటి తెలుపుగా ఉండాలన్నదానికి డీ65 అనే గుర్తు ఉంది, వెలుగు రంగుని చెప్పే కెల్విన్ లెక్కలో సుమారు 6500, పగటి వెలుగుకి దగ్గరగా ఉంటుంది. రెండు రంగుల మధ్య దూరం ఎంతో చెప్పడానికి వెలుగు, రంగుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ సీఐఈ 1976లో పెట్టిన పద్ధతులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అంతెందుకు, ట్యాబ్ తయారుచేసే కంపెనీ బయటి ఫ్యాక్టరీ నుంచి ప్యానెల్ కొనేటప్పుడు దాంతో పాటు వచ్చే వివరాల పత్రంలో స్క్రీన్ మీద 5 చోట్లో 9 చోట్లో 13 చోట్లో వెలుగు కొలిచి, ఎక్కువ ఉన్న చోటికీ తక్కువ ఉన్న చోటికీ తేడా ఇంతకు మించకూడదని రాసి ఉంటుంది. అంటే లక్షల ప్యానెళ్లు కొనే కంపెనీ తను కొనేటప్పుడు లెక్క చూసుకునే కొంటుంది, సరిగా లేకపోతే వెనక్కి పంపుతుంది. ఒక్క ట్యాబ్ కొనుక్కున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మాయమైపోయి ‘మామూలే సర్’ మిగులుతుంది. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తోంది.

ఇక మచ్చలు ఎందుకు పడతాయో కూడా కాస్త రాస్తాను, ఎందుకంటే సర్వీస్ సెంటర్‌లో గట్టిగా మాట్లాడాలంటే మనకి కొంతైనా తెలిసి ఉండాలి. బయటికి ఒక్క గాజు పలకలా కనిపించే ఎల్‌సీడీ స్క్రీన్ నిజానికి పొరల మీద పొరలు. అన్నిటికంటే అడుగున వెలుగుని పైకి తిప్పే పొర, దాని మీద ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, ఆ పలకకి ఒక అంచున వరుసగా చిన్న చిన్న ఎల్‌ఈడీలు. అంచు నుంచి వచ్చిన వెలుగుని ఆ పలకే స్క్రీనంతా పరుస్తుంది. దాని పైన వెలుగుని సమానంగా చెదరగొట్టే ఫిల్ములు, ఒకే దిశలో కంపించే వెలుగుని మాత్రమే వదిలే పోలరైజర్ అనే పొర ఒకటి, లిక్విడ్ క్రిస్టల్, రంగుల ఫిల్టర్, ఇంకో పోలరైజర్, చివర్లో మన వేలు తగిలే గాజు. ఇప్పుడు వస్తున్న చాలా ట్యాబ్‌లలో ఈ పై గాజుకీ ప్యానెల్‌కీ మధ్య ఖాళీ లేకుండా పారదర్శకమైన జిగురుతో అతికిస్తున్నారు, అందుకే బొమ్మ గాజు మీదే ఉన్నట్టు బాగుంటుంది. ఈ పొరల్లో ఏది దెబ్బతిన్నా చివరికి మనకి కనిపించేది రంగు తేడాయే, కానీ ఒక్కోదానికీ ఒక్కో తీరు ఉంటుంది.

కొత్త ట్యాబ్‌లో పెట్టె తెరిచినప్పుడే అంచుల దగ్గర పసుపు మచ్చలుంటే జిగురు సరిగా ఆరకపోయి ఉండొచ్చు. 2010లో బాగా అమ్ముడైన ఒక ఫోన్ విషయంలో ఇదే కారణమని వార్తలొచ్చాయి, కొందరికి కొన్నాళ్లలో మచ్చలు వాటంతటవే తగ్గాయి కూడా. కానీ తగ్గుతుందిలే అని ఊరుకోవద్దు, వచ్చిన రోజే ఫోటో తీసి కంపెనీకి రాసి పెట్టాలి. తగ్గిపోతే సంతోషం, తగ్గకపోతే తేదీతో సహా ఆధారం చేతిలో ఉంటుంది.

బ్యాక్‌లైట్, అంటే అడుగు నుంచి స్క్రీన్‌కి వెలుగునిచ్చే ఆ ఎల్‌ఈడీల భాగం, దాని సంగతి వేరు. ఆ తెల్ల ఎల్‌ఈడీల్లో చాలావాటి లోపల ఉన్నది నీలం ఎల్‌ఈడీ, దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత. రెండూ కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. వాడేకొద్దీ, ముఖ్యంగా వేడి మీద వాడేకొద్దీ ఈ నీలం పసుపు పాళ్లు తప్పొచ్చు, వెలుగు మోసే ప్లాస్టిక్ కూడా రంగు తేలొచ్చు. అప్పుడు రంగు తేడా ఏదో ఒక అంచు వెంబడే పట్టీలా వస్తుంది, లేదా స్క్రీన్ మొత్తం రంగు మారిపోతుంది. మొత్తం సమానంగా మారితే మన కన్నే అలవాటు పడిపోతుంది, పక్కన ఇంకో ట్యాబ్ పెడితే తప్ప తెలియదు.

పోలరైజర్ అంటే అయోడిన్ పట్టించిన పలచటి ప్లాస్టిక్ ఫిల్ము. వేడి, తేమ రెండూ దానికి పడవు. అందుకే ఎండలో నిలిపిన కారులో ట్యాబ్ వదిలేయడం అంత చెడ్డది. పేరున్న కొన్ని ట్యాబ్‌ల వివరాల్లో వాడేటప్పుడు చుట్టూ వేడి 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని, ఆపేసి దాచినా 45 దాటకూడదని స్పష్టంగా రాస్తారు, అద్దాలు మూసిన కారు ఎండలో 45 దాటడానికి ఎంతో సేపు పట్టదు. ఛార్జింగ్ పెట్టి, మందపాటి కవర్ వేసి, గంటలకొద్దీ వీడియోలు నడపడం కూడా వేడి పెంచే పనే. లోపల చిప్ ఉన్న చోటికి సరిగ్గా పైన మచ్చ వచ్చిందంటే వేడినే అనుమానించాలి.

నీళ్లో చెమ్మో లోపలికి పోతే మాత్రం మచ్చ తీరు చూడగానే తెలుస్తుంది, గోడ మీద చెమ్మ దిగినట్టు అలలు అలలుగా అంచులు తేలిన నీడ. ఇది వారంటీలో రాదనే అంటారు, చాలావరకు అంతే.

అన్నిటికంటే భయపడాల్సింది నడిమధ్యలోనో ఒక పక్కనో తెల్లగా, చుట్టుపక్కల కంటే వెలుగు ఎక్కువైనట్టు తేలే మచ్చ. అది లోపలి నుంచి ఏదో స్క్రీన్‌ని నొక్కుతోందనడానికి గుర్తు కావచ్చు, ఆ ఏదో అన్నది ఉబ్బిన బ్యాటరీ కావచ్చు. ట్యాబ్‌లలో ఉండేవి మెత్తటి పౌచ్ లాంటి లిథియం బ్యాటరీలు, పాడైతే లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతాయి. అది ముందుగా నెట్టేది వెనక రేకునో ముందు స్క్రీన్‌నో. ట్యాబ్‌ని చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి మూలల్లో మెల్లగా తాకి చూడండి, ఊగుతోందంటే అనుమానించాల్సిందే. పక్కనుంచి చూస్తే గాజుకీ ఫ్రేముకీ మధ్య సందు కనిపించినా, చీకట్లో ఆ సందులోంచి వెలుగు బయటికి వచ్చినా, వెంటనే ఛార్జింగ్ తీసేయండి, స్విచాఫ్ చేయండి, మంటపట్టే వస్తువులకి దూరంగా పెట్టండి. పైకి లేచిన స్క్రీన్‌ని బొటనవేళ్లతో నొక్కి మళ్లీ కూర్చోబెట్టే ప్రయత్నం చేయొద్దు, ఉబ్బిన పౌచ్‌కి చిల్లు పడితే మంటలు రావొచ్చు. ఇలాంటప్పుడు మచ్చ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ. సర్వీస్ సెంటర్‌లో కూడా ‘స్క్రీన్ మచ్చ’ అని కాకుండా ‘బ్యాటరీ ఉబ్బినట్టుంది’ అని మొదటి మాటగా చెప్పండి, ఎందుకంటే అది ప్రమాదానికి సంబంధించిన ఫిర్యాదు, దాన్ని లిమిట్‌లో ఉందని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టం. బ్యాటరీ మార్చకుండా స్క్రీన్ ఒక్కటే మార్చినా కొత్త స్క్రీన్‌కీ అదే గతి పడుతుంది.

ఓఎల్‌ఈడీ స్క్రీన్లలో ఈ బ్యాక్‌లైట్ ఉండదు, ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది. వాటిలో నీలం చుక్కలు మిగతా రంగుల కంటే తొందరగా అరుగుతాయి, అందుకని ఎక్కువసేపు ఒకే బొమ్మ నిలిచిన చోట రంగు మారి ఆ బొమ్మ నీడ అలాగే మిగిలిపోతుంది. రోజంతా ఒకే యాప్ తెరిచి ఉంచే చోట్ల దాని మెనూ పట్టీ నీడలా కనిపించేది ఇందుకే.

ఫిర్యాదుకి వెళ్లేముందు ఇంట్లోనే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, ఇవి చూసుకోకుండా వెళితే వాళ్లు మొదట అడిగేవి ఇవే, ఆ పేరుతోనే తిప్పి పంపుతారు. సెట్టింగ్స్‌లో రాత్రిపూట రంగు వెచ్చగా మార్చే ఆప్షన్, గదిలో వెలుగుని బట్టి తెలుపు మార్చే ఆప్షన్, చూపు ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం పెట్టిన రంగుల ఫిల్టర్లు, అన్నీ ఆపేయండి. సెట్టింగ్ వల్ల వచ్చే రంగు స్క్రీన్ అంతటా సమానంగా ఉంటుంది, ఒక మూల మాత్రమే రాదు. తర్వాత తెల్ల పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్లో చూడండి. అక్కడ కూడా మచ్చ కనిపిస్తే లోపం బొమ్మలోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఉంది, అక్కడ శుభ్రంగా ఉండి మీ ట్యాబ్‌లోనే కనిపిస్తే ప్యానెల్‌ని అనుమానించాల్సిందే, ఎందుకంటే స్క్రీన్‌షాట్‌కి ప్యానెల్ సంగతి తెలియదు. ఇంకోటి, ట్యాబ్‌ని తలకిందులుగా తిప్పండి. బొమ్మ తిరిగినా మచ్చ మాత్రం అదే కెమెరా పక్కనో అదే బటన్ పక్కనో ఉండిపోతే ఇక అనుమానమే లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేయమని చెబితే, ఈ రెండు పరీక్షలూ వాళ్ల ముందే చేసి చూపించి, రీసెట్ వల్ల పోలరైజర్ రంగు ఎలా మారుతుందో అడగండి. ఈ రీసెట్ పేరుతో ఎంతమంది తమ ఫోటోలూ నోట్సులూ పోగొట్టుకున్నారో తలుచుకుంటే బాధేస్తుంది. ఎలాగూ ట్యాబ్ అప్పగించే ముందు బ్యాకప్ తీసుకోవాల్సిందే, మార్చి వేరే ట్యాబ్ ఇస్తే పాతదాంట్లోది ఏదీ తిరిగి రాదు.

మచ్చ ఉన్న స్క్రీన్‌ని ఫోటో తీయడం చెప్పినంత తేలిక కాదు, నా పనే అది కాబట్టి ఇది వివరంగా చెబుతాను. ఫోన్ కెమెరా తనంతట తనే రంగుని సరిచేసేస్తుంది, దాంతో మచ్చ ఫోటోలో సగం మాయమవుతుంది. కెమెరాలో స్క్రీన్ మధ్యభాగం మీద వేలు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి, మాన్యువల్ మోడ్ ఉంటే కెమెరా తెలుపుని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని కూడా ఒకచోట నిలిపేయండి. గదిలో లైట్లు ఆపండి, లేకపోతే గాజు మీద పడే నీడల్ని చూపించి అదే మచ్చ అంటారు. తెలుపు కన్నా లేత బూడిద రంగు మీద తేడా బాగా తేలుతుంది, బ్రైట్‌నెస్ సగంలో ఒకటి, పూర్తిగా పెంచి ఒకటి తీయండి. మరీ దగ్గరికి వెళితే గీతలు గీతలుగా వస్తుంది, కాస్త వెనక్కి జరిగి తీయాలి. కెమెరాని ఎదురుగా ఉంచడం ముఖ్యం, కొన్ని స్క్రీన్లలో వాలుగా చూస్తే మూలల్లో మెరుపు రావడం సహజం, తల కదిలిస్తే అది కూడా కదులుతుంది, నిజమైన మచ్చ ఎటునుంచి చూసినా అక్కడే ఉంటుంది. అన్నిటికంటే మంచిది చిన్న వీడియో, తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు మెల్లగా పైకి జరుపుతూ తీస్తే అక్షరాలు కదులుతాయి, మచ్చ కదలదు, చూసేవాళ్లు కాదనలేరు. ఇదే ఫోటోని ఇదే పద్ధతిలో నెలకొకసారి తీసి పెట్టుకుంటే మచ్చ పెరుగుతోందా లేదా అన్నది కూడా తేలిపోతుంది.

ఇంటర్నెట్‌లో కనిపించే చిట్కాల గురించి కూడా ఒక మాట. మచ్చ మీద గుడ్డతో రుద్దమని, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయమని, కాసేపు ఎండలో పెట్టమని సలహాలు ఉంటాయి. వేడి వల్ల చెడిపోయే పొరలకి ఇంకా వేడి పెట్టడం ఏ రకంగా మందు అవుతుందో నాకు అర్థం కాదు, కింద లిథియం బ్యాటరీ ఉందన్న ధ్యాస కూడా ఉండదు ఆ చెప్పేవాళ్లకి. రుద్దితే లోపలి పొరలు నలిగి ఉన్న మచ్చకి ఇంకో మచ్చ తోడవుతుంది, పైగా అప్పుడు కంపెనీ వాళ్లు ‘మీరే నొక్కారు’ అంటే మన దగ్గర జవాబు ఉండదు.

వారంటీ దాటితే అసలు కష్టం మొదలవుతుంది. పొరలన్నీ కలిపి అతికించేశారు కాబట్టి చెడింది ఒక్క ఫిల్మే అయినా గాజుతో సహా మొత్తం స్క్రీన్ సెట్టు మార్చాలి, దాని ఖర్చు చూస్తే ఇంకో ట్యాబే కొనుక్కుందాం అనిపిస్తుంది. బయట మార్పిస్తే తక్కువలో అవుతుంది గానీ రంగులు అంతకుముందులా ఉంటాయన్న నమ్మకం లేదు, కొన్నిటికి పెన్ను సరిగా పనిచేయదు, వెలుగుని బట్టి తెలుపు మార్చే ఆప్షన్ పోతుంది. సినిమాలు చూసుకోవడానికైతే సర్దుకోవచ్చు, రంగులతో పని ఉన్నవాళ్లకి కుదరదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకీ ట్యాబ్‌లకీ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి, ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా 7 ఏళ్ల పాటు స్క్రీన్‌తో సహా ముఖ్యమైన విడిభాగాలు దొరికేలా చూడాలన్నది అందులో ఒకటి. మంచి పని. కానీ భాగం దొరకడం ఒక ఎత్తు, అది ఎవరి ఖర్చుతో మార్చాలన్నది ఇంకో ఎత్తు, అక్కడ మళ్లీ మన ప్రశ్న లిమిట్ దగ్గరికే వస్తుంది.

ఈ లోపం చాలావరకు మెల్లగా పెరిగే రకం. వారంటీ చివరి నెలల్లో చిన్నగా మొదలైన మచ్చని చూపిస్తే ‘ఇంకా చిన్నదే, పెరిగితే రండి’ అంటారు, పెరిగాక వెళ్తే ‘వారంటీ అయిపోయింది’ అంటారు. నాతో పాటు కౌంటర్ దగ్గర నిలబడ్డ ఒకావిడకి సరిగ్గా ఇదే చెప్పారు, పిల్లాడి చదువు కోసం కొన్న ట్యాబ్ అట, తెల్ల పేజీ మీద గులాబీ మచ్చ అక్షరాల మీదకి పాకింది. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ఏ కాగితమూ ఇవ్వలేదు, నోటిమాటతో పంపేశారు, కాబట్టి ఇప్పుడు ఆ మొదటిసారి వచ్చినట్టే లెక్క లేదు. అందుకే మార్చనన్నా సరే, ఫిర్యాదు నంబరు ఉన్న కాగితం తీసుకోకుండా ఎవరూ బయటికి రావొద్దు. ‘కస్టమర్ ఎడమ కింది మూలలో పసుపు మచ్చ చూపించారు’ అని అందులో రాయించుకోవాలి, ఒప్పుకోకపోతే అదే రోజు కంపెనీకి ఈమెయిల్ పెట్టి ఫోటోలు జత చేయాలి. మాటకి తేదీ ఉండదు, మెయిల్‌కి ఉంటుంది.

కంపెనీలకి కొంత న్యాయంగా చూడాలంటే ఒకటి ఒప్పుకోవాలి, ఏ ప్యానెలూ మూల నుంచి మూలకి నూటికి నూరు పాళ్లు సమానంగా ఉండదు, చీకటి గదిలో భూతద్దం వేసి వెతికితే కొత్త స్క్రీన్‌లోనూ ఎక్కడో ఒకచోట తేడా దొరుకుతుంది. ప్రతి చిన్న తేడాకీ స్క్రీన్ మార్చమని నేను అడగడం లేదు. ఎంత తేడా వరకు కొనేవాళ్లు సర్దుకోవాలి, ఎంత దాటితే కంపెనీ మార్చాలి, ఆ గీత ఎక్కడుందో అమ్మేముందే రాసి పెట్టమంటున్నాను. సర్వీస్ సెంటర్‌లో కంటితో చూసి చెప్పే పద్ధతి ఆపి, ఆ చిన్న పరికరంతో స్క్రీన్ మధ్యలో ఒకసారి, మచ్చ మీద ఒకసారి కొలిచి రెండు అంకెలూ కాగితం మీద వేయాలి. నిమిషాల్లో అయిపోయే పని. మచ్చని మొదటిసారి చూపించిన తేదీనే వారంటీకి లెక్కలోకి తీసుకోవాలి. అంకెలు లిమిట్ లోపల ఉంటే నేను నోరు మూసుకుని ట్యాబ్ తీసుకుని వచ్చేస్తాను.

మీకూ ఒక విన్నపం ఉంది ఎడిటర్ గారూ. మీ టెక్ పేజీ రాసేవాళ్లకి కంపెనీల ప్రతినిధులు ఫోన్ ఎత్తుతారు, మాకు ఎత్తరు. ఈసారి ఏ ట్యాబ్ గురించి రాసినా దాని కింద రెండు ప్రశ్నలు కంపెనీని అడిగి వేయండి. స్క్రీన్ మీద రంగు తేడా ఎంత దాటితే వారంటీలో మారుస్తారు, దాన్ని ఎవరు ఎలా కొలుస్తారు? జవాబు చెబితే అది అచ్చు వేయండి, చెప్పకపోతే చెప్పలేదని వేయండి. అలాగే పెట్టె తెరిచిన వారంలో రాసే రివ్యూతో ఆపకుండా, ఏడాది వాడాక అదే ట్యాబ్ మీద బూడిద రంగు బొమ్మ తెరిచి తీసిన ఫోటో ఒకటి వేయండి. ఫోటో ఎలా తీయాలో పైన రాశాను, ఇంకా సందేహం ఉంటే అడగమనండి, చెబుతాను.

ఇట్లు,
ఫోటోలు దిద్దే పనిలో ఉన్న మీ పాఠకుడు